అంబలి గిన్నె మీద నా సంతకం

ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో, ఒక రోగి గిన్నె ఖాళీ చేసి పంపాడని నేను ఒకే ఒక్కసారి ఏడ్చాను. సంతోషంతో అనుకునేరు. కాదు, కుళ్ళుతో. స్టాఫ్ బాత్రూంలో గడియ పెట్టుకుని, మాస్కు తడిసిపోయేదాకా ఏడ్చి, కొత్త మాస్కు తగిలించుకుని, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చాను.

ఇక్కడ జర్మనీలో చదువుకుని ఆసుపత్రుల్లో చేరుతున్న మన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "ఆంటీ, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. నేను గొప్పగా గెలిచిన కథలు రెండు మూడున్నాయి, అవి చెప్పీ చెప్పీ అరిగిపోయాయి. నా వీడ్కోలు పార్టీలో కూడా అవే చెప్పాను. ఇది మాత్రం ఎక్కడా చెప్పలేదు. రిటైరై రెండేళ్ళయింది, ఇక నన్ను ఎవరూ ఏమీ చెయ్యలేరు కాబట్టి రాస్తున్నాను.

ముందు నా పనేమిటో చెప్పాలి. లైప్‌జిగ్‌లో ఒక ఆసుపత్రి, అందులో క్యాన్సర్ వార్డు. అక్కడి రోగులు ఏం తినాలో, ఎంత తినాలో, ఏది తినకూడదో చూడడం నా ఉద్యోగం. దానికి జర్మన్‌లో బారెడు పేరుంది. మా ఆయన మాత్రం "పథ్యాల పంతులమ్మ" అనేవారు. రోగి బరువు, రక్తపరీక్ష, డాక్టరు రాసింది చూసుకుని నేను ఒక కార్డు రాసి కింద సంతకం పెడతాను. ఆ కార్డు కింది అంతస్తులో ఉన్న పథ్యం వంటగదికి వెళుతుంది. వాళ్ళు వండి, ట్రేలో పెట్టి, నా కార్డు దాని మీదే ఆనించి పైకి పంపుతారు. అంటే వండేది వాళ్ళు, తినేది రోగి, పేరు నాది. మన సామెత ఒకటుంది కదా, అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడని. ఆ మీసాలెత్తే ఉద్యోగమే నాది. జీతమూ, పెన్షనూ దానికే.

ఆ ఇరవై ఎనిమిదేళ్ళూ నేను ఎత్తినవన్నీ పరాయి మీసాలే. బంగాళాదుంప ముద్ద, క్వార్క్ అని ఇక్కడి గట్టి పెరుగు, కేరట్ సూపు. వాటి కేలరీలు నాకు నిద్రలో అడిగినా వచ్చు. మాది బాపట్ల దగ్గర ఊరు. మా ఇంట్లో జ్వరమొస్తే ఏం పెడతారో, ఒళ్ళు నీరసిస్తే ఏం పెడతారో నన్ను ఈ దేశంలో ఎవరూ అడగలేదు. అడిగితే చెబుదామని ఎప్పుడూ నోటి చివరే పెట్టుకుని తిరిగాను.

కరోనా వచ్చిన ఏడాది చలికాలంలో, అడగాల్సిన మనిషి వచ్చాడు.

నలభై దాటిన మనిషి. ఐటీ ఉద్యోగం, బ్లూ కార్డు వీసా మీద వచ్చి ఆరేళ్ళయింది. నాగర్‌కర్నూల్ వైపు. పొట్టలో క్యాన్సర్. కీమో కొన్ని విడతలిచ్చి, తర్వాత ఆపరేషన్ చెయ్యాలి. మూడో విడత కీమో తర్వాత తిండి బొత్తిగా మానేసి, నీరసించిపోయి, వార్డులో చేరాడు. ఆ రోజుల్లో ఎవర్నీ లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. భార్య, ఇద్దరు పిల్లలు ఇంట్లో. పెద్దదానికి బడి లేదు, చిన్నవాణ్ణి చూసుకునే కీటా లేదు. ఆమె రోజుకోసారి ఆసుపత్రి గేటు దాకా వచ్చి, ఉతికిన బట్టల సంచి కాపలా గదిలో ఇచ్చి, పిల్లల్ని ముందు ఆవరణలో నిలబెట్టి నాలుగో అంతస్తు కిటికీకి చేతులూపించి వెళ్ళేది.

మొదటి రోజు నేను మాస్కూ, దాని మీద ప్లాస్టిక్ తెరా వేసుకుని గదిలోకి వెళ్ళి, "ఏమండీ, ఎలా ఉంది?" అన్నాను. ఆయన దిగ్గున లేచి కూర్చున్నాడు.

"మీరు తెలుగోల్లా మేడం?"

అంతే, కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. "మీ తిండి సంగతి నాకొదిలెయ్యండి. ఇక్కడ నేనున్నాను కదా" అన్నాను. ఆ మాట అనడానికే ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉన్నానేమో అనిపించింది. ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తెలుగువాడికి ఏం కావాలో తెలుగుదాన్ని నాకు వేరే చెప్పాలా?

ఇంటికెళ్ళి కూర్చుని మా అమ్మ చేసినవన్నీ ఒక్కొక్కటే కార్డుల మీదికి ఎక్కించాను. మెత్తటి పెరుగన్నం, అల్లం తీసేసి. మిరియాలు తగ్గించిన చారన్నం. నేతి ఇడ్లీ. పెసరకట్టు. అన్నం ఎంతసేపు ఉడకాలో, గరిటెతో ఎలా నలపాలో జర్మన్‌లో ఒకటిన్నర పేజీ రాసి, పథ్యం వంటగదికి స్వయంగా తీసుకెళ్ళాను.

ఆ వంటగదిలో ఇరవై ఏళ్ళుగా ఉన్న వంటామె గురించి ఇప్పుడు చెప్పాలి. నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. లైప్‌జిగ్‌కి ఉత్తరాన ఒక పల్లె. మాట తక్కువ, మొహంలో నవ్వు అంతకంటే తక్కువ. బళ్ళో రష్యన్ నేర్చుకున్న తరం, ఇంగ్లీషు రాదు. నేను ఏది రాస్తే అది వండుతుంది, ఒక చిటికె ఎక్కువ కాదు, ఒక చిటికె తక్కువ కాదు. నా పేజీన్నర చదివి, "పెరుగూ అన్నమూ కలిపి చల్లగా?" అంది. "అవును, చల్లగా" అన్నాను, కొంచెం గర్వంగా. ఆమె భుజాలెగరేసి మొదలుపెట్టింది.

బాగానే చేసింది. నేను రుచి చూశాను. ఇన్నేళ్ళకి ఈ వంటగదిలో మా ఇంటి వాసన వచ్చింది. ట్రే నేనే తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. రెండు చెంచాలు తిన్నాడు.

"మంచిగున్నది మేడం."

ఒక గంట తర్వాత ట్రే తిరిగొచ్చింది. ఆ రెండు చెంచాలు తప్ప మిగతాదంతా అలాగే ఉంది. మర్నాడు ఇడ్లీ, "మంచిగున్నది మేడం." అదీ తిరిగొచ్చింది. చారన్నం, పెసరకట్టు, అన్నీ మంచిగానే ఉన్నాయి, అన్నీ తిరిగొచ్చాయి. ఎప్పుడడిగినా, "ఏం చేసుడు మేడం, బుక్క గొంతు దిగుతలేదు" అనేవాడు. నేను మొదట వంటామెని అనుమానించాను, అన్నం సరిగా నలపలేదని. తర్వాత జబ్బుని తిట్టుకున్నాను. పెరుగన్నాన్ని మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు.

వారం తిరిగేసరికి యాభై నాలుగు కిలోల మనిషి యాభై రెండున్నరకి దిగాడు. వార్డు డాక్టరమ్మ నన్ను పిలిచి లెక్క స్పష్టంగా చెప్పింది. సోమవారం బరువు చూస్తాం. యాభై రెండు కిందికి దిగితే సర్జన్లు ఆపరేషన్ వాయిదా వేస్తారు, పొట్టలోకి గొట్టం వేసి తిండి ఎక్కించాలి. ఆ మనిషికి వాయిదా పడ్డం మంచిది కాదు. ఎందుకు మంచిది కాదో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

అది ఒక సోమవారం మాట. గడువు వచ్చే సోమవారం దాకా. బుధవారం పొద్దున, తిరిగొచ్చిన ట్రేల బండి దగ్గర ఆయన ట్రే చూశాను. గిన్నె నాకినట్టు ఖాళీగా ఉంది.

గుండె ఎగిరి గంతేసింది. నిన్న రాసింది ఏమిటి? పెసరకట్టు! ఎట్టకేలకు మా అమ్మ పెసరకట్టు గెలిచింది అనుకుంటూ గిన్నె చేతిలోకి తీసుకున్నాను. అడుగున బూడిద రంగులో, జిగటగా ఏదో అంటుకుని ఉంది. వాసన చూశాను. పులుపు. పెసరకట్టు కాదు.

మెట్లు దిగి వంటగదిలోకి వెళ్ళాను. వంటామె పొయ్యి ముందు నిలబడి గరిటె తిప్పుతోంది. ఎదురుగా ఉప్పు డబ్బాకి ఫోను ఆనించి ఉంది. ఫోనులో ఒక ఆడమనిషి, ఆమె భుజం పక్కనుంచి పదేళ్ళ పిల్ల.

"ఉండలు కట్టొద్దు, తిప్పుకుంటనే ఉండాలె అని చెప్పు" అంటోంది తల్లి. పిల్ల దాన్ని గడగడా జర్మన్‌లోకి మార్చి చెబుతోంది, చివర తన సొంత తెలివి కూడా కలిపి: "మమ్మీ చెబుతోంది, ఆపకుండా తిప్పాలట. మీరు బాగానే తిప్పుతున్నారు, నేను చూస్తున్నాను." వంటామె నవ్వింది. ఇరవై ఏళ్ళలో ఆమె పళ్ళు నేను చూడ్డం అదే మొదలు.

సంగతేమిటంటే, వంటగదిలోనూ వార్డులోనూ సగం మంది క్వారంటైన్‌లో ఉన్నారు. ట్రేలు పైకి చేర్చే మనిషి లేక వంటామే బండి తోసుకుని వెళుతోంది. రోజూ ఆ గదినుంచి నిండు గిన్నెలు దించుకురావడం ఆమెకి నచ్చలేదు. మంచం పక్కన నిలబడి, చేతులూ కళ్ళూ తిప్పుతూ, ఆయనకి వచ్చిన నాలుగు జర్మన్ ముక్కల్లో ఒకటే అడిగింది: చిన్నప్పుడు నీకు ఒంట్లో బాగోకపోతే మీ అమ్మ ఏం పెట్టేది?

జొన్న అంబలి. రాత్రి జొన్నపిండి నీళ్ళలో నానేసి పులియబెట్టి, పొద్దున ఎసట్లో పోసి ఉడికించి, చల్లారాక చల్ల పోసి కలిపేది. కాస్త తేరుకున్నాక గట్క, అంటే జొన్న రవ్వ గట్టిగా ఉడికించి మజ్జిగతో. అన్నం వాళ్ళింట్లో పండక్కి వండేవాళ్ళట. పాణం బాగలేనప్పుడు ఆయనకి గుర్తొచ్చేది అన్నం కాదు, అంబలి.

వంటామె డాక్టరమ్మని అడిగింది, డాక్టరమ్మ సరే అంది. ఆయన భార్య సీలు తియ్యని జొన్నపిండి పొట్లం గేటు దగ్గర ఇచ్చి వెళ్ళి, ఎలా కాయాలో కూతురి చేత ఫోనులో చెప్పిస్తోంది. ఇదంతా నాకు తెలియకుండా రెండు రోజుల్లో జరిగిపోయింది.

"రుచి చూడు" అని వంటామె ఒక చెంచా అందించింది. "మా అమ్మమ్మ వరిగల జావ ఇలాగే చేసేది. మా ఇంట్లో రొట్టెకి పులిసిన పిండి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పులియబెట్టడం నాకు తెలుసు. సరిగ్గా ఉందా?"

సరిగ్గా ఉందో లేదో నాకెలా తెలుస్తుంది? నేను నా జన్మలో జొన్న అంబలి తాగలేదు. మా ఇంట్లో జొన్నలంటే కూలికొచ్చేవాళ్ళకి కొలిచి పోసేవి. నలుగురిలో చెప్పుకునే మాట కాదు కానీ, నిజం అదే. తెలుగువాళ్ళ తిండంటే మా వంటింటి తిండే అనుకున్నాను. ఆ గది దాటి నూటయాభై మైళ్ళు పోతే ఇంకో తెలుగు వంటిల్లు ఉంటుందని నాకు తట్టనే లేదు. ఆ వంటింటికి దారి ఒక జర్మన్ ఆవిడకి దొరికింది. ఎలా? అడిగింది కాబట్టి.

ఆ చెంచాడూ మింగి, "పర్వాలేదు" అని చెంచా పక్కన పెట్టి పైకొచ్చాను. బాత్రూంలో ఏడ్చింది అప్పుడే.

నాకు చిన్నప్పట్నుంచీ ఈ గుణం ఉంది. మా అక్క జడ నాకంటే పొడుగని, ఆమె నిద్రపోతుంటే కొస కత్తిరించినదాన్ని. కానీ ఆ వయసు వేరు, అరవై వేరు. ఆ సాయంత్రం ఆయన గదికి వెళితే మొహంలో కళ వచ్చి ఉంది. నన్ను చూసి, "మేడం, ఆమె చేతుల మా అవ్వ ఉన్నది" అన్నాడు. వాళ్ళ వైపు అమ్మని అవ్వ అంటారు. "సేమ్ అవ్వ చేసినట్టే" అన్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని నవ్వెయ్యబోయాను. అయితే ఆ పుల్లకూర పొరుగింటిది కాదే, ఆయన సొంత ఇంటిది. పొరుగింటిదాన్ని నేను. ఆ రాత్రి ఇంట్లో మా ఆయన అన్నం పెట్టమంటే, "మీరే వడ్డించుకోండి" అని కసిరాను, పాపం.

గురువారం పొద్దున నేను చేసిన పని ఇది. కీమో తర్వాత తెల్ల కణాలు బాగా పడిపోయిన రోగికి పులిసినవీ, పచ్చివీ పెట్టకూడదని మా వార్డులో ఒక నియమం ఉండేది. నిజమైన నియమమే, కణాలు నిజంగా పడిపోయినప్పుడు నేను ఎవరికోసమూ సడలించను. కార్డు తీసి, ఎర్ర పెన్నుతో "పులియబెట్టినవి వద్దు" అని రాసి, దాని కింద గీత గీసి, సంతకం పెట్టి కిందికి పంపాను. ఆయన రక్తపరీక్ష కాగితం నా ముందే ఉంది. కణాలు బుధవారానికే కోలుకున్నాయి. చూశాను, చూసే రాశాను.

వంటామె కార్డు పట్టుకుని పైకొచ్చింది. "పులిసిన పిండిని నేను ఉడికిస్తున్నాను కదా. మరిగాక ఇంకేం క్రిమి ఉంటుంది?"

"నియమం నియమమే" అన్నాను.

ఆమె నా మొహంలోకి ఒక క్షణం చూసి, "నువ్వు రాసింది నేను వండుతాను" అని వెళ్ళిపోయింది.

మళ్ళీ పెరుగన్నం; పెరుగూ పులిసిందేగా అని వంటామె అననూ లేదు, నేను తలచుకోనూ లేదు. మళ్ళీ "మంచిగున్నది మేడం". మళ్ళీ నిండు గిన్నెలు. శుక్రవారం, శనివారం. నేను ప్రతి ట్రే దగ్గరా నిలబడి ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అని బతిమాలాను. అంబలి ఊసెత్తకుండా ఆయన నా పెరుగన్నం తింటే చాలు, నేను క్షమించేద్దామనుకున్నాను. ఎవర్ని క్షమిస్తానో ఇప్పటికీ తెలియదు.

శనివారం మధ్యాహ్నం ఆయన భార్య నాకు ఫోన్ చేసింది. "అంబలి ఎందుకు బంద్ వెట్టిన్రు మేడం? మంచిగ తాగుతుండె గదా."

ఒక అబద్ధానికి ఇంకోటి తోడు. "రక్తంలో తెల్ల కణాలు తగ్గాయమ్మా, అందుకని" అన్నాను.

ఆమె సన్నగా, "తగ్గినయా? మొన్ననే మంచిగైనయని చెప్పిన్రు గదా. ఏమన్న ఎక్కువైందా మేడం? దాచకుండ్రి, నేను తట్టుకుంట." వెనకనుంచి పిల్ల "మమ్మీ, ఏమైంది?" అని జర్మన్‌లో అడుగుతోంది. "ఏం లేదమ్మా, భయపడకండి" అని ఫోన్ పెట్టేశాను. నా కుళ్ళు వంటామె మీద కదా, ఈ పిల్లల తల్లిని ఎందుకు కొట్టిందో నాకే అర్థం కాలేదు. అయినా పెన్ను తీసి ఆ ఎర్ర గీత కొట్టెయ్యలేదు. కొట్టేస్తే ఎందుకు పెట్టానో చెప్పాలి.

ఆదివారం నాకు డ్యూటీ పడింది. మూడు గంటలకి ఆవరణలో ఆ తల్లీ పిల్లలూ వచ్చి నిలబడ్డారు. సన్నగా మంచు పడుతోంది. చిన్నవాడు రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. నాలుగో అంతస్తు కిటికీలో ఎవరూ లేరు. నేను గదిలోకి పరిగెత్తాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"పిల్లలొచ్చారండీ, లేవండి" అన్నాను.

"నా కణాలు పడిపోయినయంట" అన్నాడు ఇటు తిరక్కుండానే. "నా బిడ్డ ఫోన్‌ల అడిగింది, పప్పా నిజమా అని. అందరికీ చెప్పిన్రు, నాకు చెప్పలే. ఇగ అయిపోయినట్టేనా మేడం?"

"లేదండీ! పొరపాటు. మీ కణాలు బాగున్నాయి, నేను చూశాను."

"ధైర్యానికి చెప్తున్నరు" అన్నాడు. "తెలుగోల్లు గదా, మీకు బాధైతది."

తెలుగోల్లు గదా. నేనే కిటికీ దగ్గరికెళ్ళి కిందికి చెయ్యి ఊపాను. పిల్లాడు నాన్నే అనుకున్నాడేమో, గెంతులేశాడు. తల్లి మాత్రం గెంతలేదు.

సోమవారం పొద్దున బరువు చూశారు. యాభై ఒకటీ నాలుగు వందలు. డాక్టరమ్మ ఫైలులో రాసుకుంటూ, "బుధవారం గొట్టం వేద్దాం. సర్జన్లకి నేను చెబుతాను" అంది. ఆమెకి ముప్పై ఐదేళ్ళుంటాయేమో. మాస్కు తాళ్ళకి చెవుల వెనక పుండ్లు పడ్డాయి.

"ఒక్క మాట" అన్నాను. "పులిసినవి వద్దని గురువారం నేను రాశాను. అప్పటికే కణాలు బాగున్నాయి."

"కాగితం చూడలేదా?"

"చూశాను. చూసే రాశాను. ఆయన తింటున్న తిండిని నేనే ఆపాను. నాలుగు రోజులివ్వండి."

ఆమె తలెత్తి నా వంక చూసింది. "ఎందుకు ఆపారు?"

అరవయ్యేళ్ళ మనిషి తన పై అధికారితో, నాకంటే వంటామె బాగా వండిందని ఆపాను, అని చెప్పగలదా? "తప్పు చేశాను" అన్నాను. అదీ నిజమే, పూర్తి నిజం మాత్రం కాదు. ఆమె అలిసిపోయి ఉంది, రెండోసారి అడగలేదు. "శుక్రవారం దాకా. ఇది మీ ఫైలులో రాస్తాను" అంది. రాసింది కూడా. నా సర్వీసు మొత్తంలో నా ఫైలులో ఉన్న ఒకే ఒక్క మచ్చ అది. దాని కింద కూడా నా సంతకమే ఉంది.

అక్కణ్ణుంచి రక్తపరీక్ష కాగితం పట్టుకుని ఆయన గదికెళ్ళి, అంకె మీద వేలు పెట్టి చూపించాను. "ఇది మీ పేరు, ఇది తేదీ, ఇవి కణాలు. మీ ఇంటావిడకి తప్పు చెప్పింది నేను, అంబలి ఆపింది నేను. పొరపాటు నాది." ఐటీ మనిషి కదా, మాట నమ్మకపోయినా అంకెని నమ్మాడు. కాగితాన్ని ఫొటో తీసి ఇంటికి పంపాడు. అప్పుడు మెల్లగా, "అయితే అంబలి తాగొచ్చునా మేడం?" అన్నాడు.

వంటగదికి వెళ్ళడం ఇంకా కష్టమైంది. వంటామె నన్ను చూసి గరిటె ఆపలేదు.

"ఆ గీత తీసేస్తున్నాను" అన్నాను. "పిండి మళ్ళీ నానబెట్టాలంటే రేపటిదాకా పడుతుందేమో."

ఆమె మూలనున్న జాడీ మూత తీసి చూపించింది. పిండి బుడగలు కట్టి పొంగుతోంది. ఈ నాలుగు రోజులూ దానికి కాస్త పిండీ, కాస్త నీళ్ళూ పోస్తూ బతికించి ఉంచింది.

"నువ్వు వస్తావని కాదు" అంది. "పులిసిన పిండిని పారేయడం మా ఇంట్లో పాపం." తర్వాత గరిటె తిప్పుతూనే, "ఇరవై ఏళ్ళలో నా గిన్నె మీద నువ్వు గీత పెట్టడం ఇదే మొదలు. ఏదో ఉందనుకున్నాను" అంది. ఆ 'ఏదో' ఏమిటని అడగలేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడక్కుండా పెట్టబోయి ఒక మనిషిని పస్తులుంచాను. ఆ రోజు మొదటిసారి నేను అడిగాను, వంటామెని. దీన్ని ఎలా చేస్తున్నావు, ఎంత పులవాలి, ఎప్పుడు చల్లార్చాలి అని. వట్టి అంబలితో బరువు పెరగదు, అందులో బలం కలపాలి. ఆ విద్య నాది. ప్రొటీన్ పొడి వేద్దామన్నాను. వంటామె నాలిక మీద వేసుకుని, "ఇది వేస్తే ఆయన మొదటి చెంచాకే కనిపెడతాడు" అని అవతల పెట్టింది. చివరికి చల్లకి బదులు క్వార్క్ పల్చగా చిలికి పోశాం, నెయ్యి వేశాం. ఇన్నేళ్ళు నేను విసుక్కున్న ఆ క్వార్కే జొన్న అంబలిలో కలిసిపోయి ఏమీ ఎరగనట్టు కూర్చుంది. మూడు పూటలా అరగిన్నె, మధ్యలో గట్క. ఫోనులో పదేళ్ళ పిల్ల పర్యవేక్షణ. ఆ పిల్ల నన్ను మాత్రం జర్మన్‌లోనే, "మీకు తిప్పడం రాదా?" అని అడిగింది.

శుక్రవారం బరువు యాభై రెండూ రెండు వందలు. డాక్టరమ్మ రెండోసారి ఎక్కించి చూసింది, అదే. గొట్టం లేదు. మూడు వారాలకి ఆపరేషన్ జరిగింది.

ఆయన ఇంటికెళ్ళే రోజు చేతిలో సంచితో కారిడార్లో నిలబడి, నా కోసం కాచుకున్నాడు. "మీరే నిలబడి మళ్ళ అంబలి ఇప్పిచ్చిన్రు మేడం. మీరు లేకుంటే గొట్టమే" అన్నాడు. ఆపింది నేనేనని నా నోటితోనే చెప్పాను కదా. ఆయన దాన్ని మరిచిపోయాడో, మరిచిపోవాలనుకున్నాడో. ప్రతి గిన్నె మీదా ఉన్న కార్డులో నా సంతకమే కదా, అది చూసి నాదే అనుకున్నాడు. నేను కాదనలేదు. దండం పెడితే దండం పెట్టాను.

అప్పుడే వంటామె బండి తోసుకుంటూ వచ్చింది. ఆయన ఆమె వైపు తిరిగి, మళ్ళీ నా వైపు తిరిగి, "ఆమెకు చెప్పేటంత జర్మన్ నాకు రాదు. మీరు చెప్పున్రి మేడం. నా అవ్వ పోయి పదకొండేండ్లు. ఈ గదిల పడుకొని మళ్ళ నా అవ్వ చేతి బువ్వ తిన్న. ఆమెకు నేను బిడ్డ లెక్క" అన్నాడు.

వంటామె నా వంక చూసింది. "ఏమంటున్నాడు?"

ఆ క్షణంలో నాకు ఆ మాటలన్నీ అక్షరం పొల్లుపోకుండా జర్మన్‌లో వచ్చాయి. నాలిక మీదిదాకా వచ్చాయి. ముప్పై ఏళ్ళుగా ఆ మాట ఎవరైనా నాతో అంటారని ఎదురు చూసినదాన్ని నేను.

"సూపు బాగుందన్నాడు" అన్నాను.

ఆమె తలూపి బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

ఏడాదిన్నర తర్వాత నేను రిటైరయ్యాను. ఆయన ఆపరేషన్ తట్టుకున్నాడు, పనిలో చేరాడు. మూడు నెలలకోసారి చెకప్‌కి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకుని వస్తుండేవాడు, వచ్చినప్పుడల్లా నాకు దండం పెట్టేవాడు. ఆ దండం ఒక్కోసారి ఒక్కో చెంపదెబ్బలా తగిలేది. ఆఖరి రోజు పార్టీలో నా గెలుపు కథలు చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, కేకు ముక్క ఒకటి కాగితంలో పెట్టుకుని కింది వంటగదికి వెళ్ళాను. వంటామె ఒక్కతే ఉంది. నిలబడే చెప్పేశాను. ఆ రోజు ఆయన అన్నది సూపు గురించి కాదని. ఆయన అన్న ప్రతి మాటా, అవ్వ పోయి పదకొండేళ్ళన్నదీ, బిడ్డ లెక్క అన్నదీ, అన్నీ జర్మన్‌లో అప్పగించాను. నేను ఎందుకు దాచానో కూడా చెప్పాను. గురువారం ఎర్ర గీత ఎందుకు పెట్టానో కూడా.

ఆమె గరిటె తిప్పుతూ విన్నది.

"తెలుసు" అంది. "ఆ సాయంత్రమే పాప ఫోన్ చేసి చెప్పింది. మా పప్పా చెప్పిన మాట ఆంటీ మీకు చెప్పిందా అని అడిగింది. చెప్పింది అన్నాను."

ఏడాదిన్నర.

"మరి నాతో ఎందుకు అనలేదు?"

"నువ్వు చెప్పాల్సినది నేనెందుకు అంటాను?" అంది. కేకు ముక్క పక్కన పెట్టి, గిన్నె తీసి, అప్పటిదాకా తిప్పుతున్న కుండలోంచి నిండుగా పోసి నా ముందుకు తోసింది. బూడిద రంగు, పులుపు వాసన. "కూర్చో. అప్పుడు ఒక చెంచానే తిన్నావు."

ఎత్తడానికి ఎదురుగా ఇంకెవరి మీసాలూ లేవు. కూర్చుని గిన్నె ఖాళీ చేశాను. చాలా బాగుంది. ఆ ముక్క రాయడానికి నాకు ఇప్పటికీ మనసొప్పడం లేదు, అయినా రాశాను.